కుడిచేతి బదిలీ

ఒక మంత్రిగారి మేనల్లుడు ఫోన్లో వరసగా పదిహేడు ఆటలు ఓడిపోవడం వల్ల మా శాఖ పుట్టింది. కొన్ని శాఖలు వరదల వల్ల పుడతాయి, కొన్ని కరువుల వల్ల పుడతాయి, మాది ఇలా పుట్టింది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని మా డైరెక్టరు పరాంకుశంగారు ప్రతి వార్షికోత్సవంలోనూ చెబుతుంటారు. ఆయన చెప్పినప్పుడల్లా మేం కాస్త సిగ్గుపడి చప్పట్లు కొడుతుంటాం.

ఆట పేరు 'వీరభేరి'. ఐదుగురు ఒక జట్టు, ఐదుగురు ఇంకో జట్టు. అందరి చేతుల్లోనూ తుపాకులు. ఒక పాడుబడ్డ మిల్లులో ఒకళ్లనొకళ్లు వెతుక్కుని కాల్చుకోవాలి. ఎవరు ఎవరితో ఆడాలో ఇదివరకు ఆటలోని కంప్యూటరే రెండు క్షణాల్లో తేల్చేసేది. తన మేనల్లుడికి ఎదురుపడ్డ పదిహేడు జట్లూ అతనికంటే బాగా ఆడేవే కావడం కాకతాళీయం కాదనీ, దీని వెనక ఏదో వ్యవస్థాగతమైన అన్యాయం ఉందనీ మంత్రిగారు గ్రహించారు. నెల తిరక్కుండా ప్రభుత్వం ఆ ఆటను స్వాధీనం చేసుకుంది. 'రాష్ట్ర ఆన్‌లైన్ ఆటల జోడింపు మండలి' వెలిసింది. ఏలూరులో మూతపడ్డ కొబ్బరిపీచు సంఘం గోడౌనుకి సున్నం వేసి మా బోర్డు తగిలించారు. కంప్యూటరు రెండు క్షణాల్లో చేసే పనికి మేం నూట నలభై మందిమి. పీచు వాసన మాత్రం పోలేదు.

నా పేరు ఇమ్మానుయేలు. 'సి' సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఫిర్యాదులు, సంజాయిషీలు, ఉత్తర్వుల ముసాయిదాలు నా బల్ల మీదుగా పోతాయి. నేనూ ఆ ఆట ఆడతాను. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత బాగా ఆడను. శత్రువు కనబడగానే ముందు నాకు గుండె దడ వస్తుంది, ఆ తర్వాత బొటనవేలు కదులుతుంది, ఈలోగా నేను చచ్చిపోతాను.

మా ఆవిడ ఎస్తేరు అలా కాదు. ఆవిడ గుమ్మలోవ అనే కొండ ఊళ్లో హైస్కూలు లెక్కల టీచరు. గుమ్మలోవ ఏలూరుకి నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ భార్యాభర్తల కోటాలో బదిలీకి దరఖాస్తు పెట్టాం. మొదటి ఏడు ఆలస్యంగా పెట్టారన్నారు. రెండో ఏడు మరీ ముందుగా పెట్టారన్నారు. మూడో ఏడు పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు మొహం స్పష్టంగా లేదన్నారు. నాలుగో ఏడు ఏమీ అనలేదు, అదే ఆఖరి సమాధానమని గుమాస్తా ఒకాయన దయతలచి చెప్పాడు.

అందుకని రోజూ సాయంత్రం ఆరున్నరకి ఆవిడ బడి మోటారు షెడ్డు మెట్టు మీద కూర్చుంటుంది. ఊరు మొత్తానికి సిగ్నల్ అందేది అక్కడే. నేను మా వరండాలో కూర్చుంటాను. ఇరవై నిమిషాలు ఒకే జట్టులో ఆడతాం. ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అని మీరనొచ్చు. ఫోన్లో ఏముంది? తిన్నావా అంటే తిన్నాననీ, వానొచ్చిందా అంటే వచ్చిందనీ. ఆటలో అలా కాదు, పక్కపక్కన నడుస్తాం. ఆ పాడుబడ్డ మిల్లులో ఆవిడ ముందు, నేను రెండడుగులు వెనక.

"ఏవండీ, ఆ డ్రమ్ము వెనక దాక్కోండి. బియ్యం నిండుకున్నాయన్నారు, తెచ్చారా?" అంటుంది ఎస్తేరు, ఇద్దర్ని కాల్చి.

"తెచ్చాను. నన్నెవరో కాల్చేశారు."

"వస్తున్నా ఉండండి, లేపుతాను. ఏ బియ్యం?"

ఈ నాలుగేళ్లలో మా కాపురం జరిగింది ఎక్కువగా ఆ మిల్లులోనే. ఆ ఇరవై నిమిషాల కోసం నేను రోజంతా పీచు వాసన భరించేవాణ్ణి. మండలి మొట్టమొదట ముట్టుకున్నది ఆ ఇరవై నిమిషాలనే.

మొదటి ఉత్తర్వు పేరు 'సమ నైపుణ్య జోడింపు'. డైరెక్టరుగారు మైకు సరిచేసుకుని ప్రకటించారు. "సమానుల మధ్య జరిగేది సమరం. అసమానుల మధ్య జరిగేది సంహారం. ఈ ప్రభుత్వం సంహారాన్ని ఎంతమాత్రం ఉపేక్షించదు. కావున సమాన నైపుణ్యం కలవారు మాత్రమే, ఎదురెదురుగా గానీ, ఒకే జట్టులో గానీ ఆడవలెను."

నైపుణ్యాన్ని కొలిచే బాధ్యత జాయింట్ డైరెక్టరు అనసూయాదేవిగారికి అప్పగించారు. ఆవిడ పరీక్షల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. అంచేత రాష్ట్రమంతటా డిగ్రీ కాలేజీ హాళ్లలో పరీక్ష పెట్టించారు. హాల్ టికెట్టు, నంబరు వేసిన బెంచీ, అరగంట ఆట. ఒక్కో అభ్యర్థి ఎంతమందిని కాల్చాడో పక్కన నిలబడి ఇద్దరు గెజిటెడ్ అధికారులు లెక్కపెడతారు. ఆ లెక్కను బట్టి కొందరిని 'నైపుణ్య రేఖకు ఎగువ' అన్నారు, కొందరిని 'నైపుణ్య రేఖకు దిగువ' అన్నారు. దిగువవాళ్లలో మళ్లీ ఏడు మెట్లు. ఎస్తేరుకి ఎగువన మొదటి మెట్టు వచ్చింది. నాకు దిగువన ఏడోది. దానికింద ఇంకేమైనా ఉందా అని అడిగితే, మెట్లు అయిపోయాయన్నారు.

ఆ సాయంత్రం ఆరున్నరకి మా ఇద్దర్నీ ఒక జట్టులో పెట్టడానికి ఆట ఒప్పుకోలేదు.

"నువ్వోసారి తిరిగి పరీక్ష రాయి ఎస్తేరూ," అన్నాను ఫోన్లో. "పక్కకి కాల్చు, సరిపోతుంది. ఏడో మెట్టుకి వచ్చేస్తావు."

"బాగుందండీ! పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పే నోటితో, నేను దొంగ ఫెయిలవ్వనా? రెండురెళ్లు ఎంతంటే ఐదని చెప్పమంటారా? మీరే నేర్చుకుని పైకి రండి."

నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేనింకా ఆ పనిలో ఉండగానే, రాష్ట్రం మొత్తం నేర్చుకున్నది మరిచిపోవడం మొదలుపెట్టింది. కారణం సులువే. ఎగువన ఉన్నవాడికి ఎదురుగా ఎగువవాళ్లే వస్తున్నారు, చచ్చేలా ఆడాలి. దిగువన ఉన్నవాడికి నాలాంటివాళ్లు వస్తున్నారు, కాలు మీద కాలేసుకుని గెలవొచ్చు. దాంతో నైపుణ్యం లేనట్టు పత్రం కావాలని జనం మా గోడౌను ముందు బారులు తీరారు. 'నైపుణ్య తగ్గింపు పరీక్ష' అని సప్లిమెంటరీ పెట్టాల్సి వచ్చింది. చరిత్రలో ఫెయిలవడానికి కోచింగ్ సెంటర్లు తెరిచింది అప్పుడే అనుకుంటాను. మా వీధి చివర ఒకటి వెలిసింది. 'మా దగ్గర చేరినవారిలో నూటికి నూరు శాతం అనుత్తీర్ణత' అని ఫ్లెక్సీ కట్టారు.

ఆ పరీక్షకి నేను డ్యూటీ చేశాను. రాష్ట్రంలోకెల్లా గొప్ప ఆటగాడని పేరున్న ఒకాయన మూడో బెంచీలో కూర్చుని, శత్రువుల్ని వదిలేసి ఎదురుగోడని కాలుస్తున్నాడు. మా అటెండరు పోలినాయుడు నా చెవిలో అన్నాడు. "అయ్యగారండీ, ఆయన్ని సూడండి. గోడ మీద తామర పువ్వేసేడు. ఒక్క రేకు కూడా వంకర పోలేదండి."

అనసూయాదేవిగారు కళ్లజోడు సవరించుకుని ఆ పువ్వుని పరిశీలించారు. గోడను గురి తప్పకుండా కాల్చినందున అభ్యర్థిని ఎగువ శ్రేణిలోనే కొనసాగించడమైనదని రాశారు. ఆయన అక్కడే భోరున ఏడ్చాడు. మర్నాటికి మిగతావాళ్లంతా తెలివి తెచ్చుకుని పువ్వులెయ్యడం మానేశారు. పదిరోజుల్లో రాష్ట్రంలోని ఆటగాళ్లు దాదాపు అందరూ రేఖకు దిగువన చేరిపోయారు. పాపం మంత్రిగారి మేనల్లుడు అక్కడ నిజాయితీగా ఉన్నాడు. వాళ్లందరూ కలిసి అతని మీద పడ్డారు. ఈసారి ఇరవై ఎనిమిది ఆటలు.

నేను మాత్రం ఆ గందరగోళంలో కష్టపడి ఆరో మెట్టు ఎక్కాను. ఎస్తేరుకి చెబితే సంబరపడింది. ఆవిడ లెక్క వేసి చూసి, ఈ వేగంతో నేను ఆవిడ దగ్గరికి చేరడానికి పదకొండేళ్లు పడుతుందని చెప్పింది. లెక్కల టీచర్లతో అదే బాధ, ఓదార్పు కూడా కూడి చెబుతారు.

మొదటిదాన్ని రద్దుచేసి తెచ్చిన రెండో ఉత్తర్వు 'సమీప జోడింపు'. దీని వెనక ఒక నిజం ఉంది. దూరంగా ఉన్న ఇద్దరు ఆడుకుంటుంటే, మనం పేల్చిన తూటా అవతలివాడి ఫోనుకి చేరడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆ రెప్పపాటులో అవతలివాడు గోడ చాటుకి పోతాడు. సిగ్నల్ బాగున్నవాడు గెలుస్తాడు, బాగాలేనివాడు తన తప్పేంటో తెలియకుండా చస్తాడు. మేనల్లుడిగారి ఓటమికి అసలు కారణం ఈ ఆలస్యమేనని తేలింది.

ఆలస్యాన్ని కొలిచే పని రెండో జాయింట్ డైరెక్టరు నాగభూషణంగారిది. ఆయన రోడ్ల శాఖ నుంచి వచ్చారు. సిగ్నల్ అంటే ఏమిటో చెప్పబోయిన కంప్యూటరు ఇంజనీరుని చేత్తో వారించి, "చూడవయ్యా, ఏదైనా ఒకచోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే రోడ్డు కావాలి" అన్నారు. ఆపైన టేపు తెప్పించారు. జాతీయ రహదారి మీద తూటాకి ఇంత సమయం, గ్రావెల్ రోడ్డు మీద ఇంత, దారిలో రైల్వే గేటు ఉంటే అదనంగా నాలుగు సెకన్లు అని పట్టిక తయారుచేశారు. ఘాట్ రోడ్డులో తూటాకి మలుపుకి ఒక సెకను చొప్పున సడలింపు ఇచ్చారు. చివరికి రెండు వందల మీటర్ల లోపు ఉన్నవాళ్లే పరస్పరం ఆడుకోవాలని తేల్చారు.

దాని ఫలితం ఎలా ఉంటుందో వీధుల్లో కాపురం చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇదివరకు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కాల్చేవాడు. ఇప్పుడు పై వాటాలో ఉండేవాడు కాలుస్తున్నాడు. మా పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరుగారు నా చేతిలో పొరపాటున ఒకసారి చచ్చిపోయి, చెప్పులు కూడా వేసుకోకుండా మా గుమ్మంలోకి వచ్చేశారు.

"ఏమయ్యా ఇమ్మానుయేలూ, మొన్న జ్వరమొస్తే నీకు గంజి పంపింది ఎవరు?"

"మీరేనండి."

"మరి వెనకనుంచి కాల్చడానికి చేతులెలా వచ్చాయయ్యా నీకు?"

నిజానికి నేను ఆయన్ని చూడను కూడా లేదు, దడలో వేలు తగిలింది. చెబితే నమ్మలేదు. ఊళ్లో పంపు దగ్గరా, లిఫ్టు దగ్గరా జరిగే తగాదాలన్నీ ఆటలోకి వచ్చాయి, ఆటలోవి బయటికి వచ్చాయి. పోలీసు స్టేషన్లలో 'నన్ను చంపాడు' అంటూ చచ్చినవాళ్లే వచ్చి ఫిర్యాదులు ఇస్తుంటే, ఏం రాసుకోవాలో రైటర్లకి పాలుపోలేదు.

గుమ్మలోవలో రెండు వందల మీటర్ల లోపు ఫోనున్న మనిషి ఒక్కరే. బడి హెడ్మాస్టరు అప్పలసూరి మాస్టారు. ఎస్తేరు సాయంత్రం ఆయన్ని కాల్చేది. మర్నాడు పొద్దున ఆయన ఎస్తేరుకి మెమో ఇచ్చేవారు. ప్రార్థనకి అర నిమిషం ఆలస్యమనీ, చాక్‌పీసులు పొడుగ్గా వాడుతోందనీ.

"ఓడిపోవచ్చు కదా ఒకసారి, పెద్దాయన," అన్నాను.

"ఎలా ఓడిపోతానండీ? తలుపు మధ్యలో నిలబడతారు. కళ్లు మూసుకుని కాల్చినా తగులుతుంది."

ఇక మంత్రిగారి మేనల్లుడికి రెండు వందల మీటర్ల లోపు ఉన్నది బంగళా గన్‌మెన్ మాత్రమే. వాళ్లు ఆటలోకి రాగానే అలవాటు కొద్దీ అతని చుట్టూ గుంపుగా నిలబడిపోయారు. ఎదుటి జట్టు గన్‌మెన్ కూడా వచ్చి నిలబడ్డారు. వరసగా నలభై ఆటల్లో అతనికి వాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆటలు ఎవరు గెలిచారో కూడా తెలియలేదట. మంత్రిగారు మళ్లీ కబురు పెట్టారు.

మూడో ఉత్తర్వుకి ముందు జరిగిన సమావేశానికి నేను ఫైళ్లు మోసుకుని వెళ్లాను. అనసూయాదేవిగారు నైపుణ్యమే ప్రధానమన్నారు. నాగభూషణంగారు దూరమే ప్రధానమన్నారు. మొదట గౌరవంగా అన్నారు, తర్వాత పాత శాఖల పేర్లెత్తి అన్నారు. డైరెక్టరుగారు ఇద్దరికీ కాఫీ తెప్పించి, మధ్యేమార్గం ప్రకటించారు.

"రెండు విధానాలూ వాటి వాటి పరిధిలో అత్యున్నతమైనవి. అయితే వాటిని సంపూర్ణంగా అమలు చేయకపోవడమే లోపం. కావున ఇకమీదట నైపుణ్యంలో తేడా సున్నా, దూరం సున్నా. రెండు సున్నాలకూ సరిపడే ప్రత్యర్థిని మాత్రమే జోడించవలెను."

కంప్యూటరు ఇంజనీరు ఏదో అనబోయి, రోడ్ల సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆ రెండు సున్నాలూ యంత్రంలో వేశాడు. జాబితా బయటికి వచ్చింది. ఎడమవైపు ఆటగాడి పేరు, కుడివైపు ప్రత్యర్థి పేరు. ప్రతి వరసలోనూ రెండు వైపులా ఒకే పేరు ఉంది.

డైరెక్టరుగారు జాబితా ఆసాంతం తిరగేశారు. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"అద్భుతం. మనిషికి సరిసమానుడు ఎవరు? తానే. మనిషికి అతి సమీపంలో ఉన్నది ఎవరు? తానే. ఇన్నాళ్లూ మనం బయట వెతికాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతిలో ఫైళ్లు కింద పడ్డాయి.

ఆ వారం నుంచి రాష్ట్రంలో ప్రతి ఒక్కరూ తనతోనే ఆడటం మొదలైంది. మనం ఇదివరకు ఎలా ఆడామో కంప్యూటరు దగ్గర ఉంటుంది కదా, దాన్ని బట్టి అచ్చం మనలాగే ఆడే బొమ్మల్ని అది తయారుచేసి దింపుతుంది. మొదటిరోజు నేను ఆట తెరిస్తే నా జట్టులో ఇంకో నలుగురు ఇమ్మానుయేళ్లు ఉన్నారు. ఎదుట ఐదుగురు ఇమ్మానుయేళ్లు. పదిమందిమీ పది డ్రమ్ముల వెనక దాక్కుని, ఎవడైనా ముందు కదులుతాడేమోనని ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. ఎవడూ కదల్లేదు. ఆట డ్రా అయింది.

రాష్ట్రంలో అన్ని ఆటలూ డ్రా అయ్యాయి. మేనల్లుడు ఓడిపోవడం ఆగిపోయింది. ఫిర్యాదులు సున్నా. 'సి' సెక్షన్లో నాకు పని లేకుండా పోయింది. 'ఏ ఒక్కరూ ఏ ఒక్కరి చేతిలోనూ ఓడని రాష్ట్రం' అని గోడౌను మీద రాయించారు. దసరా సెలవులయ్యాక వచ్చే సోమవారం నాడు మంత్రిగారి సమీక్ష, అక్కడ మండలికి ప్రశంసాపత్రం అన్నారు.

నాకు మాత్రం ఆ మిల్లులోకి వెళితే ఏడుపొచ్చేది. ఉన్నమాటే చెబుతున్నాను. ఎటు చూసినా నేనే. బియ్యం తెచ్చావా అని అడిగేవాళ్లు లేరు. చచ్చిపోతే లేపేవాళ్లు లేరు. ఎవరూ చంపరు కనుక చచ్చిపోయేది కూడా లేదు.

అలా ఉండగా దసరా సెలవులకి ఎస్తేరు వచ్చింది. రెండోరోజు సాయంత్రం నేను వరండాలో ఫోను పట్టుకుని డ్రమ్ము వెనక కూర్చుని ఉంటే, కూర తరుగుతున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎంతసేపండీ అలా దాక్కుంటారు? జరగండి," అంది.

ఈ ఆటలో నడవడానికి ఫోను మీద ఎడమ బొటనవేలు, కాల్చడానికి కుడి బొటనవేలు. ఎడమ సగం నాకు వదిలేసి, కుడి సగం ఆవిడ తీసుకుంది. నేను నడిపించాను, ఆవిడ కాల్చింది. ఒక ఫోను మీద రెండు తలకాయలు ఆనించి కూర్చున్నాం. చాన్నాళ్లకి నేను డ్రమ్ము వెనకనుంచి బయటికి వచ్చాను. ఎదుటి ఇమ్మానుయేళ్లు నన్ను చూసి నిర్ఘాంతపోయినట్టు కనిపించారు. నలభై సార్లు లేచారు, నలభై సార్లూ పడిపోయారు. నలభై-సున్నా.

మిగిలిన సెలవులన్నీ అలాగే ఆడాం. ఆదివారం మధ్యాహ్నం బస్సుకి ఎస్తేరు గుమ్మలోవ వెళ్లిపోయింది. నేను ఫోను బీరువాలో పడేశాను.

సోమవారం నాటి సమీక్ష శుక్రవారానికి వాయిదా పడింది. అదే మా అదృష్టమని అప్పుడు తెలియదు. మంగళవారం నా బల్ల మీదికి ఒక మెమో వచ్చింది. పంపాల్సిన సెక్షన్ నాదే కనుక, అందుకోవాల్సినవాణ్ణి కూడా నేనే కనుక, సంతకం పెట్టి పంపి, సంతకం పెట్టి అందుకున్నాను.

'మీరు ది. పన్నెండవ తేదీన మిమ్మల్ని మీరు నలభై-సున్నా తేడాతో మించిపోయినట్లు మండలి దృష్టికి వచ్చినది. మూడవ ఉత్తర్వు ప్రకారం ఏ ఆటగాడూ తనను తాను మించరాదు. మించుటకు గల కారణములను మూడు రోజులలోగా తెలియజేయవలెను.'

రాష్ట్రంలో ఒకే ఒక్క ఉల్లంఘన, అదీ సొంత ఆఫీసులో. నన్ను డైరెక్టరుగారి గదిలోకి పిలిపించారు. నేను దాచడానికి ఏముంది, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎడమచేయి నాది, కుడిచేయి మా ఆవిడది అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అనసూయాదేవిగారు ఆట రికార్డులు తెప్పించుకుని పరిశీలించారు. "ఈ ఐడీకి చెందిన ఎడమచేయి దిగువ ఆరో మెట్టు, కుడిచేయి ఎగువ మొదటి మెట్టు. నైపుణ్య వ్యత్యాసం స్పష్టంగా రుజువైంది" అన్నారు.

నాగభూషణంగారు తన పట్టిక తీశారు. "కుడిచేయి ప్రస్తుతం ఎక్కడుంది?"

"గుమ్మలోవలోనండి."

ఆయన లెక్క చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "ఒక మనిషి రెండు చేతుల మధ్య నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు! రెండు రైల్వే గేట్లు, ఇరవై ఆరు ఘాట్ మలుపులు! నా సర్వీసులో ఇంత దూరం చూడలేదు."

"నాలుగేళ్లుగా అంతేనండి," అన్నాను.

ఫైలు పెట్టమన్నారు. పెట్టాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఏ నోటూ రాయలేదు. ప్రత్యామ్నాయాలు రెండని రాశాను. మొదటిది, సదరు ఐడీ రద్దు చేయడం. అలా చేసినచో రాష్ట్రంలో ఒక ఉల్లంఘన జరిగి, రద్దు అయినట్లు శుక్రవారం సమీక్షలో గౌరవ మంత్రిగారికి నివేదించవలసి వచ్చును. రెండవది, రెండు చేతుల మధ్య దూరాన్ని సున్నా చేసి, ఐడీని క్రమబద్ధీకరించడం. అప్పుడు ఉల్లంఘన ఉండదు. 'ఉత్తర్వులకై సమర్పించడమైనది' అని ముగించి సంతకం పెట్టాను.

డైరెక్టరుగారు రెండోదాని కింద పచ్చ సిరాతో గీత గీశారు. ఏ చేతిని కదిలించాలన్న దాని మీద కాసేపు చర్చ జరిగింది. నైపుణ్యం తక్కువ ఉన్న చేయే ఎక్కువ ఉన్న చేతి దగ్గరికి వెళ్లడం మర్యాద అన్నారు అనసూయాదేవిగారు. ఎడమచేయి హెడ్ క్వార్టర్స్‌లో ఉంది, హెడ్ క్వార్టర్స్‌ను కదల్చలేమన్నారు నాగభూషణంగారు. హెడ్ క్వార్టర్స్ మాట రాగానే అందరూ ఒప్పుకున్నారు. మండలి ఉత్తర్వులు అన్ని శాఖలకూ శిరోధార్యమని మంత్రిగారు ముందే జీవో ఇచ్చి ఉన్నారు. బుధవారం ఫైలు పైకి వెళ్లింది, గురువారం పొద్దున కిందికి వచ్చింది.

'సదరు ఐడీకి చెందిన కుడిచేతిని ప్రజా ప్రయోజనం దృష్ట్యా గుమ్మలోవ ఉన్నత పాఠశాల నుండి ఏలూరుకు తక్షణమే బదిలీ చేయడమైనది.'

నాలుగేళ్లు భార్యగా కదలని మనిషి కుడిచేతిగా మూడు రోజుల్లో కదిలింది.

అంతా అయిందనుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఎస్తేరు మా ఆఫీసుకి ఫోను చేసింది. మోటారు షెడ్డు దగ్గర గాలి హోరులోంచి ఆవిడ గొంతు. "ఏవండీ, హెచ్చెమ్ గారు రిలీవ్ చెయ్యనంటున్నారు. ఇదిగో, మాట్లాడండి."

అప్పలసూరి మాస్టారు లైన్లోకి వచ్చారు. "సూడు నాయనా, నాకు మీ ఆవిడ మీద కోపం ఏటీ నేదు. నన్ను నూట పదిసార్లు సంపింది, అది ఆట. కానీ ఆర్డర్ల ఏటున్నాదీ? కుడిసెయ్యిని బదిలీ సేసినట్టున్నాది. కుడిసెయ్యిని ఇప్పుడే రిలీవ్ సేసీగల్ను, సంతకం ఎట్టీసినాను కూడా. మిగతా టీచరమ్మ సంగతి ఆర్డర్ల నేదు. మిగతా టీచరమ్మని నాను పంపితే రేపు ఆడిట్ వోలు నన్నడుగుతారు. నువ్వూ ఆపీసువోడివే కదా, తెల్దేటి?"

తెలుసు. నేనైనా అదే చేసేవాణ్ణి. అందుకే ఆయన మీద కోపం కూడా రాలేదు.

నేను పరుగున వెళ్లి 'స్పష్టీకరణ' ముసాయిదా రాశాను. పోలినాయుడు ఫైలు పట్టుకుని డైరెక్టరుగారి కారు వెనక పరిగెత్తి, గేటు దగ్గర సంతకం పెట్టించుకొచ్చాడు. 'పై ఉత్తర్వులో కుడిచేయి అనగా, కుడిచేయి మరియు దానికి ఆనవాయితీగా అతికి ఉన్న మిగతా మనిషి అని చదువుకోవలెను.' మిగతా మనిషికి ప్రయాణపు సెలవు లేదని మాత్రం ఆయన స్వహస్తాలతో చేర్చారు. దాన్ని అప్పటికప్పుడే ఎస్తేరు ఫోనుకి పంపించాం.

ఆవిడ స్థానంలోకి వెళ్లింది ఎవరో తెలుసా? గుమ్మలోవ పక్క ఊళ్లో పుట్టిన ఒక లెక్కల మాస్టారు. ఏలూరికి ఆరు మైళ్లలో పనిచేస్తూ, తన ఊరి వైపు తిప్పమని అతనూ నాలుగేళ్లుగా దరఖాస్తులు పెట్టుకుంటున్నాడు.

శుక్రవారం పొద్దున పదింటికి నేను ఏలూరు బస్టాండులో ఉన్నాను. చేతిలో జాయినింగ్ రిపోర్టు కాగితం. మా సెక్షన్ బాధ్యత ప్రకారం, కుడిచేయి చేరిన సమయం నమోదు చేసి సమీక్ష మొదలయ్యేలోగా డైరెక్టరుగారికి అందించాలి. పదిన్నరకి బస్సు వచ్చింది. ఎస్తేరు దిగింది. రెండు సంచులూ, ట్రంకు పెట్టె హ్యాండిలూ అన్నీ ఎడమచేత్తోనే పట్టుకుని వంగిపోతోంది.

"అదేంటి, బరువంతా ఒక చేతికేనా?"

"కుడిచేయి మండలిది కదండీ. దాన్తో మోయించొచ్చో లేదో ఆర్డర్లో రాయలేదు," అంటూ ఖాళీగా ఉన్న ఆ చేతిని నా ముందుకి చాపింది. "ఇదిగో, తీసుకోండి. చేరినట్టు రాసుకోండి."

నేను పట్టుకున్నాను. కాగితం ఎక్కడ పెట్టుకుని రాయాలో తెలియలేదు, చివరికి ట్రంకు పెట్టె మీద పెట్టి ఎడమచేత్తో గిలికాను. 'కుడిచేయి పూర్వాహ్నం పదిన్నర గంటలకు విధుల్లో చేరినది.' ఆటోస్టాండు దాకా పక్కపక్కన నడిచాం. నేను రెండడుగులు వెనకబడలేదు.

ఆ సాయంత్రం ఆరున్నరకి ఫోను ఎక్కడుందో మా ఇద్దరికీ గుర్తు లేదు. మర్నాడూ గుర్తు రాలేదు. నెల గడిచాక మండలి నుంచి మళ్లీ మెమో వచ్చింది. మీ ఐడీ ముప్పై రోజులుగా వినియోగంలో లేదు, కారణములు తెలియజేయవలెనని. దానికి జవాబు ఇంకా రాయలేదు. మండలి రికార్డుల ప్రకారం నా కుడిచేయి ప్రస్తుతం వరండాలో కూర్చుని తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకాలు దిద్దుతోంది. ఖాళీ అయ్యాక రాస్తాను.